‘ఎవడు రాసిచ్చాడ్రా?’ – కృత్రిమ మేధ చర్చలో దళిత విద్యార్థి

“ఎవడు రాసిచ్చాడ్రా నీకిది?”

ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. పలక పట్టిన మొదటితరం నుంచీ వింటూనే ఉన్నాం. పద్యం చెప్తే ఎవరో నేర్పారన్నారు. మార్కులొస్తే కాపీ కొట్టాడన్నారు. ఉద్యోగమొస్తే రిజర్వేషనన్నారు. ఇప్పుడీ ప్రశ్నకు ఒక యంత్రం తోడైంది.

గోదావరి జిల్లాల్లోని ఒక డిగ్రీ కాలేజీలో జరిగిన సంగతి ఇది. కోనసీమలోని ఒక పేట నుంచి వచ్చిన కుర్రాడు. తండ్రి కొబ్బరి దింపు తీస్తాడు, తల్లి ఊడ్పులకీ కోతలకీ పోతుంది. కుర్రాడు ఇంగ్లీషులో ఒక ప్రాజెక్టు వ్యాసం రాసిచ్చాడు. అధ్యాపకుడు దాన్ని కంప్యూటర్లో పెట్టి చూసి, “ఇది చాట్‌జీపీటీ రాసింది, నువ్వు రాసింది కాదు” అని క్లాసులో అందరి ముందూ నిలబెట్టాడు. “ఆయ్, నేనే రాసానండి. లైబ్రరీలో గైడు చూసి రాసుకున్నానండి” అన్నాడు కుర్రాడు. “నీకింత ఇంగ్లీషు ఎక్కడిదిరా?” అన్నాడాయన. అదే క్లాసులో మరొక పిల్లోడు నిజంగానే యంత్రం చేత రాయించుకుని తెచ్చాడు. ఆ సంగతి స్నేహితులందరికీ తెలుసు. అతణ్ణి ఎవరూ అడగలేదు. అడగాలని తోచను కూడా లేదు. వాళ్ళింట్లో ఇంగ్లీషు ఉంటుందని ముందే ఒక నమ్మకం కదా!

చదువుల్లో కృత్రిమ మేధ గురించి ఇవాళ పత్రికల్లో, సెమినార్లలో, టీ కొట్ల దగ్గర పెద్ద చర్చే జరుగుతున్నది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ బయటికొచ్చినప్పట్నుంచీ ఈ చర్చ రెండు పాయలుగా పారుతున్నది. యంత్రమొచ్చి పిల్లల సొంత బుర్రని చంపేస్తోందన్నది ఒక పాయ. యంత్రమొచ్చి పేదా గొప్పా తేడా చెరిపేస్తుందన్నది రెండో పాయ. రెండింట్లోనూ కులం మాట వినపడదు. కులం పేరెత్తకుండా సాగే చర్చ కులానికి అతీతమైనదని అనుకోవడం అమాయకత్వం. ఈ రెండు వాదాల్నీ దళిత విద్యార్థి కూర్చునే బెంచీ మీద నుంచి పరిశీలించాలన్నది మా ప్రయత్నం.

సొంత బుర్ర ఎవరిది?

“పిల్లలు సొంతంగా ఆలోచించడం మానేశారు” అని వాపోతున్నవాళ్ళ ఆవేదనని మేము కొట్టిపారెయ్యటం లేదు. చదవకుండా, ఆలోచించకుండా వ్యాసం తయారైపోతే నష్టపోయేది పిల్లలే. అందులో మన పిల్లలు మరింత నష్టపోతారు. అయితే ఈ ‘సొంత బుర్ర’ అనే మాట ఎక్కడిదో కొంచెం విచారించాలి.

అగ్రకుల కుటుంబంలో పిల్లాడు వ్యాసం రాస్తాడు. తాతగారు దిద్దుతారు. అమ్మ పుస్తకం తెచ్చిస్తుంది. బాబాయి అమెరికా నుంచి ఫోన్లో సలహా చెప్తాడు. ట్యూషను మాస్టారు మళ్ళీ రాయిస్తాడు. ఇన్ని చేతులు పడినా ఆ వ్యాసం అతని సొంతమే. అది సంస్కారం, వారసత్వం, వాతావరణం. మన పిల్లోడికి ఇంట్లో దిద్దే చెయ్యి లేదు. పది రూపాయల బిట్ పేపరు చూస్తే బట్టీ, గైడు చూస్తే కాపీ, ఫోన్లో యంత్రాన్ని అడిగితే మోసం. సాయం ఒకరి విషయంలో సంస్కారమూ మరొకరి విషయంలో నేరమూ ఎలా అవుతున్నదో ఈ చర్చ చేస్తున్న పెద్దలు చెప్పాలి.

ఇలాంటి ద్వంద్వ నీతి ఇది మొదటిసారి కాదు. 2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం పెడుతూ ఉత్తర్వులిచ్చింది. అప్పుడు తెలుగు చచ్చిపోతుందని గుండెలు బాదుకున్నవాళ్ళలో తమ పిల్లల్ని కాన్వెంట్లలో చదివించుకున్నవాళ్ళే ఎక్కువ. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వుల్ని కొట్టేసింది. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలతో ట్యాబులు ఇస్తే, పేద పిల్లలు వీటితో చెడిపోతారన్న మాట మొదలైంది. కార్పొరేట్ కాలేజీ పిల్లోడి చేతిలో ట్యాబు ‘డిజిటల్ విద్య’. పేట పిల్లోడి చేతిలో అదే ట్యాబు ‘చెడు అలవాటు’. యంత్రం మారుతున్నది గానీ ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి దాని గుణం నిర్ణయించే పద్ధతి మారటం లేదు.

పసిగట్టే యంత్రం

మోసాన్ని పట్టుకోవడానికి మరో యంత్రం వచ్చింది. వ్యాసం అందులో పెడితే ఇంత శాతం కృత్రిమ మేధ రాసింది అని అంకె చూపిస్తుంది. అంకె కనపడగానే మన అధ్యాపకులకు అది శాస్త్రమైపోతున్నది. అదెలా పనిచేస్తుందో తెలుసుకుంటే ఆ భక్తి కాస్త తగ్గుతుంది.

చాట్‌జీపీటీ లాంటివి ఒక మాట తర్వాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశముందో లెక్కగట్టి రాస్తాయి. పసిగట్టే యంత్రాల్లో చాలావరకు ఈ లెక్కనే తిరగేస్తాయి. వాక్యంలో మాటలు ఊహించినట్టే వస్తూ ఉంటే యంత్రం రాసిందంటాయి. ఊహించని మాటలూ మలుపులూ ఉంటే మనిషి రాశాడంటాయి. మరి ఇంగ్లీషుని ఇంట్లో వినకుండా, గైడుల్లోంచీ వ్యాకరణ పుస్తకాల్లోంచీ నేర్చుకున్నవాడు ఎలా రాస్తాడు? నేర్చుకున్న నాలుగు వాక్య నిర్మాణాల్నే జాగ్రత్తగా, తప్పు రాకుండా వాడతాడు. ఊహించినట్టే రాస్తాడు. తప్పు రాస్తే నవ్వుతారన్న భయం అతని చేత అలా రాయిస్తుంది.

2023లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఈ సంగతి రుజువు చేశారు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు టోఫెల్ పరీక్షకు రాసిన 91 వ్యాసాల్ని ఏడు పసిగట్టే యంత్రాలకిచ్చారు. సగటున సగానికి పైగా వ్యాసాల్ని అవి యంత్రం రాసినవేనని తేల్చాయి. అమెరికా బడిపిల్లలు రాసిన వ్యాసాల్ని మాత్రం దాదాపు అన్నిటినీ మనుషులు రాసినవిగానే గుర్తించాయి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ కంపెనీయే తన పసిగట్టే పరికరం సరిగ్గా పనిచెయ్యటం లేదని 2023 జూలైలో దాన్ని వెనక్కి తీసుకుంది. తయారుచేసినవాడు వద్దనుకున్న పద్ధతి మన జిల్లాలో ఒక కుర్రాణ్ణి క్లాసులో నిలబెట్టింది. ఆ అధ్యాపకుడి మనసులో అనుమానం ముందే ఉంది. యంత్రం దానికి ఒక అంకెనిచ్చి మర్యాద కల్పించింది.

ఎదురుగా కూర్చోబెట్టి అడగడమంటే

ఇక రెండో మందు. ఇంటి దగ్గర రాసే పనులు తీసేసి, పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టి నోటితో అడుగుదామంటున్నారు. వైవాలు పెంచుదాం, ఇంటర్నల్ మార్కులు పెంచుదాం, విద్యార్థి ఎంత నేర్చాడో ఉపాధ్యాయుడే తూచాలి అంటున్నారు. బోధన దృష్టిలో ఇది మంచి మాటే. నోటితో చెప్పించడం కంటే మంచి పరీక్ష లేదన్నది నిజమే కావచ్చు.

కానీ ‘ఎదురుగా’ అనే మాట మనకు ఎలా వినపడుతుందో వాళ్ళకు తెలియదు. పబ్లిక్ పరీక్షలో జవాబు పత్రం మీద పేరుండదు, నంబరే ఉంటుంది. ఆ పత్రం దిద్దే మాస్టారికి రాసినవాడు అగ్రహారం పిల్లోడో మాలపల్లి పిల్లోడో మాదిగగూడెం పిల్లోడో తెలియదు. ఈ దేశంలో మన పేరూ, మన ఊరి చివర ఇల్లూ, మన తండ్రి పనీ కనపడకుండా మన మాట ఒక్కటే ముందుకు పోయే చోట్లు ఎన్ని ఉన్నాయి? ఆ నంబరు మనకొక నీడ. మన తండ్రులూ తల్లులూ టీచర్లయింది, గుమాస్తాలయింది, ఆఫీసర్లయింది ఎక్కువగా ఆ నీడ కిందే. చర్చలో పెద్దలు ఆ నీడని తీసేద్దామంటున్నారు. తీసేస్తున్నామన్న సంగతి కూడా వాళ్ళకు పట్టటం లేదు.

ఇది ఊహ కాదు. ఢిల్లీలోని ఎయిమ్స్‌లో కులవివక్ష మీద సుఖదేవ్ థోరట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. ప్రాక్టికల్స్‌లో, వైవాల్లో పరీక్షకులు తమ కులం ఆరా తీశారని ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు ఆ కమిటీకి చెప్పారు. దేశంలోకెల్లా పెద్ద వైద్యకళాశాలలోనే అలా ఉంటే డెల్టాలో చిన్న కాలేజీల సంగతి వేరే చెప్పాలా? 2017లో పశ్చిమ గోదావరి గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం పెట్టాలన్నందుకు దళితుల్ని ఊరు ఊరంతా వెలివేసింది. 2022 మే 24న కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో మంత్రి ఇంటికే నిప్పు పెట్టారు. ఆ ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళే వైవా బల్లకి అటూ ఇటూ కూర్చుంటారు. బల్ల దగ్గరికొచ్చేసరికి కులం గుమ్మం బయట చెప్పులతో పాటు ఆగిపోతుందా?

కొందరు మిత్రులు మమ్మల్నే అడిగారు: మౌఖికం మనది కదా, మన పాటా మన కథా నోటిమీదే బతికాయి కదా, నోటి పరీక్షకు భయమెందుకని. పాట మనదే. వినేవాడు మనవాడైనప్పుడు అది పాట. మార్కులు వేసేవాడు వింటున్నప్పుడు అది యాస అవుతుంది, ఉచ్చారణ దోషమవుతుంది.

కాలువ వచ్చింది, బోదె రాలేదు

ఇప్పుడు రెండో పాయ చూద్దాం. యంత్రం అందర్నీ సమానం చేస్తుందట. ప్రతి పేదవాడింట్లో ఒక మాస్టారు ఉన్నట్టేనట. పైగా ఉచితం. 2025లో ఎయిర్‌టెల్ తన వాడకందార్లకు పర్‌ప్లెక్సిటీని ఏడాది పాటు, జియో జెమినీని 18 నెలల పాటు, ఓపెన్ఏఐ తన ‘గో’ పథకాన్ని ఏడాది పాటు ఊరికే ఇస్తామన్నాయి.

ఊరికే వచ్చినదాని సంగతి డెల్టా వాళ్ళకు చెప్పక్కర్లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాటన్ దొరకి ఊరూరా విగ్రహాలున్నాయి. కరువు పోయిన మాట నిజం, మేము కాదనం. కానీ నీళ్ళు పొలమున్నవాడి పొలంలోకే పారాయి. పొలం లేనివాడికి కాలువ గట్టు మీద గుడిసె దక్కింది. కాలువ తవ్విన చేతులెవరివి? లాకు తాళం ఎవరి చేతిలో ఉంది? శివారు భూమికి నీరెప్పుడొస్తుంది? ఏ సాంకేతికత వచ్చినా ముందు అడగాల్సిన ప్రశ్నలివి. యంత్రం కాలువ అయితే దాని నీళ్ళు పొలానికి చేర్చే బోదె ఏది? ఇంట్లో కూర్చునే చోటు, కరెంటు, సొంత ఫోను, చెప్పింది తప్పో ఒప్పో చూసి చెప్పగలిగే ఉపాధ్యాయుడు, ఇవే బోదెలు. అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో ఇంటర్నెట్టే ఆపేశారు. ఇంట్లో ఉన్న మాస్టారు అలాంటి రోజున ఎక్కడికి పోతాడు? పాఠాలు నింపి ట్యాబులిచ్చిన బైజూస్ 2024 జూలైకల్లా దివాలా కోర్టుకెక్కింది. ఉచితం అయిపోయిన రోజున జియో, ఓపెన్ఏఐ ఏం అడుగుతాయో ఇప్పుడే ఆలోచించుకోవాలి.

యంత్రం రాసిన గోదావరి

సౌకర్యం సంగతి అలా ఉంచి, అసలు ఈ మాస్టారు చెప్పే పాఠమేమిటో చూద్దామని మేము కొందరు హాస్టల్ విద్యార్థులతో కలిసి కూర్చున్నాం. ‘గోదావరి డెల్టాలో మా ఊరు’ అని తెలుగులో వ్యాసం రాయమని అడిగాం. క్షణంలో రాసిచ్చింది. అక్షరదోషాలు తక్కువే. కొబ్బరాకుల మధ్య చల్లగాలి, పచ్చని వరిచేలు, గుడి గంటలు, అరుగు మీద తాతయ్య, సంక్రాంతి ముగ్గులు, పూతరేకులు అన్నీ ఉన్నాయి. పేట లేదు. చర్చి లేదు. చెరువుకి రెండు రేవులు లేవు. వరిచేను ఉంది గానీ అందులో వంగిన నడుము లేదు. కొబ్బరిచెట్టు ఉంది గానీ దాని మీద నుంచి పడిపోయిన మనిషి లేడు. పిల్లల్లో ఒకమ్మాయి చదివి, “ఇది మా ఊరు కాదండి, మా ఊళ్ళో వాళ్ళ ఊరండి” అంది. విమర్శకులం అనుకునే మేము చెప్పలేని మాట ఆ అమ్మాయి చెప్పింది.

ఈ ఊరు యంత్రం కనిపెట్టింది కాదు. వందేళ్ళ తెలుగు భావకవిత్వమూ, కథలూ, సినిమాలూ, పత్రికల ఆదివారం సంచికలూ కట్టిన ఊరే ఇది. యంత్రం అచ్చయిందాన్ని తిని అదే పెడుతుంది. ఎవరు ఎక్కువ అచ్చేసుకున్నారో వాళ్ళ ప్రపంచమే దానికి ప్రపంచం. రాజమండ్రి నుంచి కుసుమ ధర్మన్న ‘జయభేరి’ పత్రిక నడిపాడు, ‘మాకొద్దీ నల్లదొరతనము’ రాశాడు. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న, పాలేరు కుర్రాడు చదువుకుని ఎదగడాన్ని ‘పాలేరు’ నాటకంగా రాశాడు. అది చూసి పిల్లల్ని బడికి పంపిన పాలేర్లున్నారని మన పెద్దలు చెప్పేవారు. ‘పాలేరు’ గురించి అడిగితే మా ముందున్న యంత్రం దాన్ని నవల చేసి, లేని కథొకటి అల్లి, తడుముకోకుండా చెప్పింది. తెలియదు అనే మాట దానికి రాదు. తెలియనిది మన గురించే అయినప్పుడు ఆ ధీమా మరీ ప్రమాదం.

రాజమండ్రికే చెందిన మరో సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1915-16 ప్రాంతంలో జాషువా ఈ ఊళ్ళో మూగ సినిమాలకు కథా సంభాషణలూ చదివే పని చేశాడు. బొమ్మలు ఆడేవి, యంత్రానికి నోరు లేదు, ఒక అంటరాని కవి తన గొంతు దానికి అరువిచ్చాడు. ఇప్పుడు యంత్రానికి నోరొచ్చింది. ఆ నోట్లో మన గొంతు లేదు.

అర్జీ, పేరు

వ్యాసం తప్పితే మార్కులు పోతాయి. ఇంకా పెద్దవి పోయే చోట్లున్నాయి. మాకు తెలిసిన ఒక ఊళ్ళో ఇంటర్ చదివే కుర్రాడు తన తల్లిని పొలం గట్టు మీద పదిమందిలో కులం పేరు పెట్టి తిట్టినవాడి మీద ఫిర్యాదు రాయాలనుకున్నాడు. ఇదివరకైతే అర్జీలు రాసేవాడి కాళ్ళావేళ్ళా పడాలి. ఈ కుర్రాడు ఫోన్లో యంత్రానికి చెప్పాడు, అది చక్కగా రాసిచ్చింది. ఎవరి గడపా తొక్కకుండా మన పిల్లోడు అర్జీ తయారుచేసుకోవడం చిన్న విషయం కాదు. అది మేము మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాం.

కానీ అర్జీ చదివి చూస్తే ఆ తిట్టు లేదు. ‘అనుచిత వ్యాఖ్యలు చేశారు’ అని ఉంది. తిట్టిన మాట మర్యాద కాదని యంత్రం దాన్ని కడిగేసింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(ఎస్) ప్రకారం, పదిమందికీ కనపడే చోట కులం పేరుతో దూషించడమే నేరం. ఏ మాటన్నాడో, ఎక్కడన్నాడో, ఎవరు విన్నారో రాయకపోతే కేసుకి కాళ్ళే ఉండవు. తిట్టినవాడికి ఆ మర్యాద కలిసొచ్చింది. ఒక పెద్దాయన చూసి మళ్ళీ చేత్తో రాయించాడు కాబట్టి సరిపోయింది.

2025 అక్టోబరులో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ పత్రిక ఇంకొక ఉదంతం బయటపెట్టింది. ఒక దళిత సమాజశాస్త్ర పరిశోధకుడు బెంగుళూరులో ఫెలోషిప్‌కి దరఖాస్తు రాసుకుని, ఇంగ్లీషు సరిచెయ్యమని చాట్‌జీపీటీకిచ్చాడు. అది ఇంగ్లీషుతో పాటు అతని ఇంటిపేరు కూడా సరిచేసి ‘శర్మ’ అని పెట్టింది. చదువుకున్నవాడు, దరఖాస్తు రాసినవాడు శర్మే అయ్యుండాలని దాని లెక్క. కులం మీద 105 ఖాళీ వాక్యాలిచ్చి పూరించమంటే జీపీటీ-5 నమూనా 80 వాక్యాల్లో అలవాటైన కులనిందనే ఎంచుకుందని కూడా ఆ పత్రిక రాసింది. జిల్లాకి అంబేద్కర్ పేరు పెడితే ఓర్వలేక ఇళ్ళు తగలబెట్టినవాళ్ళని మనం చూశాం. ఈ యంత్రానికి కోపం లేదు, నిప్పు పెట్టదు. నవ్వుతూ పేరు మార్చేస్తుంది.

మనలో మనం

ఇంత చెప్పాం కాబట్టి యంత్రాన్ని ముట్టుకోవద్దంటున్నామని ఎవరూ అనుకోరాదు. ‘ముట్టుకోవద్దు’ అనే మాట మన నోట రాకూడదు. మన పిల్లలు దాన్ని వాడాలి, నలుగురికంటే బాగా వాడాలి. అయితే రాయడాన్నే దానికి అప్పగించకూడదు. 1995లో ‘చిక్కనవుతున్న పాట’ వచ్చిన కాలంలో, మా బతుకు మేమే రాసుకుంటామని మనం కొట్లాడి తెచ్చుకున్న హక్కు అది. ఇతరులు మన గురించి రాస్తే ఒప్పుకోనివాళ్ళం, ఇతరుల రాతల్ని నెమరేసే యంత్రం రాస్తే ఎలా ఒప్పుకుంటాం? మన పాటల్నీ మాటల్నీ దానికి అందివ్వాలా, దాచుకోవాలా అన్న విషయంలో మా మధ్యే ఏకాభిప్రాయం లేదు. ఇవ్వకపోతే ఆ ఊళ్ళో మన పేట ఎప్పటికీ ఉండదు. ఇస్తే కంపెనీ సొమ్మైపోతుంది. ముందుగా మన ముసలమ్మల గొంతుల్ని మనమే రికార్డు చేసి మన దగ్గర పెట్టుకుందాం. ఇచ్చేదీ లేనిదీ తర్వాత మనమే తేల్చుకోవచ్చు.

ఈలోగా విద్యార్థి సంఘాలూ ఉపాధ్యాయ సంఘాలూ నిలదీసి అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. పసిగట్టే యంత్రం చూపించిన అంకె ఒక్కటే ఆధారంగా ఏ విద్యార్థినీ శిక్షించరాదు. వైవా, ఇంటర్నల్ మార్కులు పెంచే చోట పరీక్షక బృందంలో ఎస్సీ, ఎస్టీ అధ్యాపకులుండాలి. ఏం అడిగారో, ఎందుకంత మార్కు వేశారో రాతలో ఉండాలి. నంబరు కింద రాసే పరీక్షని తీసెయ్యరాదు. సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో కంప్యూటర్లతో పాటు, యంత్రం చెప్పింది తప్పని చెప్పగలిగే ఉపాధ్యాయుల్ని వెయ్యాలి. ఖాళీ పోస్టుల్ని యంత్రంతో పూడ్చుతామంటే ఒప్పుకోరాదు.

ఆ కుర్రాడి సంగతి చెప్పి ముగిస్తాం. మర్నాడు తన చిత్తుప్రతి నోటుపుస్తకం తెచ్చి అధ్యాపకుడి బల్ల మీద పెట్టాడు. కొట్టివేతలూ, పక్కన తెలుగులో రాసుకున్న అర్థాలూ, మూడుసార్లు మార్చి రాసిన మొదటి పేరా, అన్నీ ఉన్నాయందులో. ఆయన చూసి మార్కులు వేశాడు. పొరపాటైందని మాత్రం అనలేదు. సొంతంగా రాశానని రుజువు చేసుకునే భారం ఎప్పుడూ మనదే. అసలు “ఎవరు రాసిచ్చారు?” అని అడగదగినవాళ్ళు ఈ కథలో ఒకరున్నారు. లోకంలో అందరూ రాసింది అడక్కుండా తీసుకుని, పేరు చెప్పకుండా, తనదే అన్నట్టు రాసిస్తున్నది ఆ యంత్రం. దాన్నెవరూ క్లాసులో నిలబెట్టలేదు. ఇక మీదట ఆ ప్రశ్న మనమే అడుగుదాం. నీకివన్నీ ఎవరు రాసిచ్చారు? ఎవరు రాసింది నీకు చేరలేదు?